రీలు నేర్పిన చెయ్యి, కార్డు నేర్పిన చెయ్యి

నల్లగుడ్డ (తెనాలి)

మన ఫోటోగ్రాఫర్ల చర్చావేదిక సభ్యులందరికీ నమస్కారం. నేను 1991లో తెనాలిలోని ఒక స్టూడియోలో సహాయకుడిగా చేరాను. 2006 వరకు పెళ్లిళ్లన్నీ రీలు మీదే, అంటే ఫిల్ము మీదే తీశాను. అప్పటి నుంచి నేటి వరకు మెమరీ కార్డు వేసే డిజిటల్ కెమెరా మీద తీస్తున్నాను. రెండు పద్ధతుల్లోనూ పదిహేనేళ్లకు తక్కువ కాకుండా పనిచేసినవాడిని కనుక, కొంతకాలంగా నన్ను తొలుస్తున్న ఒక సందేహాన్ని మీ ముందు పెడుతున్నాను.

రీలు కాలంలో ఒక పెళ్లికి మా చేతికి ఆరు రీళ్లు వచ్చేవి. రీలుకు 36 చొప్పున 216 ఫ్రేములు, అంటే 216 బొమ్మలు. ఒడుపుగా లోడు చేస్తే 37వది కూడా పడేది కానీ, దాన్ని లెక్కలోకి తీసుకునేవాళ్లం కాదు. మా గురువుగారు ముందురోజు రాత్రే పంపకాలు చేసేసేవారు. గౌరీపూజకు ఆరు, జీలకర్ర బెల్లానికి మూడు, మాంగల్యధారణకు నాలుగు, తలంబ్రాలకు ఎనిమిది, అప్పగింతలకు ఐదు, ఇలా ప్రతి ఘట్టానికీ ఒక వాటా ఉండేది. అడ్డుతెర తొలగించగానే పెళ్లికూతురు తలెత్తి వరుణ్ణి చూసే చూపు ఒక్కసారే వస్తుంది. ఆ చూపుకు నా దగ్గర ఒకే ఒక్క ఫ్రేము ఉండేది, ఎందుకంటే రీలులో ఫ్రేములు మిగిలి ఉన్నా, ఫ్లాష్ సిద్ధమైందని చెప్పే వెనుకనున్న ఎర్ర దీపం మళ్లీ వెలగడానికి ఏడెనిమిది సెకన్లు పట్టేది. అందువల్ల నేను కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లో నుంచి కాకుండా, కెమెరా పైనుంచి రెండు కళ్లతో ఆ అమ్మాయి కనురెప్పలనే చూస్తూ నిలబడేవాణ్ణి. రెప్ప కదిలిందంటే చూపు వస్తోందని అర్థం. అప్పుడు నొక్కేవాణ్ణి.

మొన్న మాఘమాసంలో ఒక పెళ్లికి 3,400 ఫ్రేములు తీశాను. అదే అడ్డుతెర ఘట్టానికి 61 వచ్చాయి. మర్నాడే కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఆ 61లో ఒకదాన్ని ఎంచుకోవడానికి రెండు గంటలు పట్టింది. ఎంచుకున్నది బాగానే ఉంది. కానీ ఆ అమ్మాయి కళ్లు ఆ క్షణంలో ఎలా ఉన్నాయో నాకు జ్ఞాపకం లేదు. ముప్పయ్యేళ్ల కిందట తీసిన పెళ్లికూతుళ్ల చూపులు కొన్ని మాత్రం ఇప్పటికీ కళ్లకు కట్టినట్లు ఉన్నాయి. రీలు, కార్డు అన్న తేడా మన చేతి అలవాటును, చూపు అలవాటును నిజంగా మారుస్తుందా, లేక వయసు తెచ్చిన మార్పును నేను పరికరం నెత్తిన వేస్తున్నానా? అనుభవం ఉన్నవారు వివరంగా రాయగలరు.

వెన్నెలవాకిలి (హైదరాబాదు)

నల్లగుడ్డ గారూ, నేను రీలు ఒక్కటి కూడా తీయలేదు. 2012లో మొదటి కెమెరా కొన్నాను, అది డిజిటలే. మీ సందేహాన్ని గౌరవిస్తూనే, ఇటువైపు నుంచి చూస్తే కనిపించేది చెప్పాలనిపించింది.

షట్టర్ వేగం, అంటే వెలుతురు కెమెరాలోకి ఎంతసేపు వస్తుందన్నది, ఏమిటో నేను ఒక్క సాయంత్రంలో నేర్చుకున్నాను. ఒక ఫౌంటెన్ ముందు కూర్చుని సెకనులో వెయ్యో వంతు దగ్గర మొదలుపెట్టి, పావు సెకను దాకా ఒక్కో మెట్టూ దిగుతూ తీశాను. ప్రతి నొక్కుకూ నీళ్లు ఎలా మారుతున్నాయో అక్కడికక్కడే తెర మీద కనిపించింది. చినుకులు ముత్యాల్లా విడివిడిగా ఉన్న చోట నుంచి తెల్లని దూది పోగులయ్యే చోటు దాకా ఏ అంకెకు ఏ రూపమో ఆ రోజే మనసులో ముద్ర పడింది. మా బాబాయి దగ్గర పెంటాక్స్ కే1000 అనే రీలు కెమెరా ఉండేది. ఆయన చిన్న నోటుబుక్కులో ఫ్రేము నంబరు, ఎఫ్ నంబరు (లెన్సు ఎంత తెరిచి ఉందో చెప్పే అంకె), వేగం, వెలుతురు అన్నీ రాసుకునేవారు. రీలు నిండటానికి నెల, ల్యాబులో కడిగించి (డెవలప్ చేయించి) తేవడానికి ఇంకో వారం పట్టేది. ల్యాబు నుంచి కవరు వచ్చేసరికి ఏ గీత ఏ బొమ్మదో ఆయనకే జ్ఞాపకం ఉండేది కాదు. రెండేళ్లు అలా కష్టపడి ఆ కెమెరాను బీరువాలో పెట్టేశారు. రీలు క్రమశిక్షణ నేర్పిందని చెప్పేవారంతా ఆ పరీక్షలో నెగ్గినవారు. నేర్చుకోలేక మానేసినవారు ఇలాంటి చర్చలకు రారు కాబట్టి వారి మాట మనకు వినిపించదు.

ఇంకొక సంగతి. రీలుకు డబ్బు కావాలి. మా అమ్మకు కాలేజీ రోజుల్లో ఫోటోగ్రఫీ అంటే ఎంతో ఇష్టం. నెలకు ఒక రీలు అడిగితే ఇంట్లో కుదరదన్నారు. నేను మొదటి ఏడాది తీసిన ఇరవై వేల ఫ్రేముల్లో పందొమ్మిది వేల తొమ్మిది వందలు పనికిరానివే. కానీ ఆ ఇరవై వేలు నాకు దక్కాయి. అమ్మకు పన్నెండు రీళ్లు కూడా దక్కలేదు.

పాత ప్రెస్ (విశాఖపట్నం)

వెన్నెలవాకిలి గారి మాటలో నిజం ఉంది. దానికి తోడు, రీలు అంటే పొదుపు, డిజిటల్ అంటే దుబారా అనే లెక్క చరిత్రకు నిలవదని కూడా చెప్పాలి. ఫోటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ 1955, 56 సంవత్సరాల్లో అమెరికా అంతా తిరిగి 767 రీళ్లు తీశారు. ఫ్రేముల్లో చెప్పాలంటే 27 వేలకు పైనే. అందులోంచి తన పుస్తకానికి ఎంచుకున్నవి 83. న్యూయార్కు వీధుల ఫోటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ 1984లో మరణించేనాటికి కడగని రీళ్లే సుమారు 2,500 మిగిలాయి. 1996లో వచ్చిన నికాన్ ఎఫ్5 అనే రీలు కెమెరా సెకనుకు 8 ఫ్రేములు లాగేది. అంటే వేలు ఎత్తకుండా ఉంటే రీలు మొత్తం నాలుగున్నర సెకన్లలో ఖాళీ. చేతిలో రీళ్లు ఉన్నవాళ్లు రీలు మీద కూడా ఎడాపెడా తీశారు.

మాది జిల్లా విలేకరుల స్థాయి కాబట్టి మాకు ఆ భోగం లేదు. నేను ఒక దినపత్రికకు 1984 నుంచి 2010 వరకు పనిచేశాను. మాకు అలవాటైనది పొదుపు కంటే భయం అంటే బాగుంటుంది. బహిరంగసభలో 30వ ఫ్రేము దాటాక నా వేలు బరువెక్కేది. చివరి ఐదు ఫ్రేములు దాచుకోవాలి, ఎందుకంటే అసలు సంఘటన ఎప్పుడూ రీలు మారుస్తున్నప్పుడే జరుగుతుంది. ఒకసారి వేదిక మీద నాయకుడికి పూలదండ వేస్తుండగా మెట్లు కూలిపోయాయి. ఆ సమయంలో నా కెమెరా వెనుక తలుపు తెరిచి ఉంది. కొత్త రీలు నాలుక, అంటే కెమెరాలో చిక్కించే దాని కొస, చేతిలో ఉంది. పక్కనున్న మరో పత్రిక మిత్రుడికి మూడు ఫ్రేములు మిగిలి ఉన్నాయి, మర్నాడు వాళ్ల మొదటి పేజీలో ఆ బొమ్మ వచ్చింది. ఆ తర్వాత నేను 30 దగ్గరే రీలు తిప్పేసి మార్చడం మొదలుపెట్టాను. అలా వృథా చేసిన ఆరేసి ఫ్రేముల్లో ఎన్ని మంచి బొమ్మలు పోయాయో లెక్కలేదు. డిజిటల్ వచ్చాక నాకు కలిగిన మొదటి ఆనందం తెర కాదు, వెంటనే చూసుకోవడమూ కాదు. వెనుక తలుపు తెరవవలసిన అవసరం లేకపోవడమే.

ఇక కడగడం గురించి. రాత్రి తొమ్మిదిన్నరకు పేజీ మూసేస్తారు. బాత్‌రూములో కిటికీకి దుప్పటి కట్టి ట్యాంకులో రీలు ఎక్కించేవాణ్ణి. రీలు కడిగే డీ76 డెవలపర్ ద్రావణాన్ని 20 డిగ్రీల దగ్గర ఉంచితే మంచిది. మే నెలలో విశాఖలో కుళాయి నీళ్లే ముప్పై దాటి ఉంటాయి. సోడా దుకాణం నుంచి ఐసుముక్కలు తెచ్చి బకెట్టులో వేసి, అందులో ట్యాంకు నిలబెట్టి, నిమిషానికొకసారి తిరగేస్తూ గడియారం చూసేవాణ్ణి. కష్టమంతా అక్కడ ఉండేది కనుక, ఒక రీలులో పది మంచివి పడితే కడగడానికి ఉత్సాహం, రెండే పడితే నీరసం. ఫీల్డులో వేలు నొక్కేటప్పుడు ఆ బకెట్టు గుర్తుకు వచ్చేది. నిజం చెప్పాలంటే నాకు అలవాట్లు నేర్పింది రీలు కంటే ఆ బకెట్టే.

ఎర్రదీపం (హైదరాబాదు)

నేను పాతికేళ్లుగా ఫోటోగ్రఫీ బోధిస్తున్నాను, డార్క్ రూమ్‌లోనూ కంప్యూటర్ల గదిలోనూ. ఈ చర్చలో రెండు వేర్వేరు విషయాలు ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయని నాకు అనిపిస్తోంది. ఒకటి కొరత: ఫ్రేములు కొన్నే ఉండటం. రెండోది జాప్యం: నొక్కినదానికీ చూసినదానికీ మధ్య కాలం గడవడం. 35 ఎంఎం రీలులో ఈ రెండూ జంటగా వచ్చాయి కాబట్టి మనం వాటిని ఒకటే అనుకుంటాం. కానీ అవి విడివిడిగా ఉన్న రోజులూ ఉన్నాయి.

పందొమ్మిదో శతాబ్దం నడుమ వాడిన తడి గాజుపలకల పద్ధతిని చూడండి. పలక మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పోసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే బొమ్మ తీసి, ఆరకముందే కడగాలి. అంతా పది పదిహేను నిమిషాల పని. చీకటి కోసం గుడారం పక్కనే పాతుకోవాలి. అంటే ఆ కాలపు ఫోటోగ్రాఫర్ తన నెగెటివ్‌ను అక్కడికక్కడే చూసుకునేవాడు. బాగాలేకపోతే గాజు కడిగి మళ్లీ తీసేవాడు. కొరత విపరీతం, జాప్యం దాదాపు లేదు. పొడి పలకలు వచ్చాక ఇది తలకిందులైంది. పలకలు ముందే తయారుగా ఉంటాయి, కడగడం ఎప్పుడైనా చేసుకోవచ్చు. మన హైదరాబాదులో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ వేటలనూ దర్బారులనూ గాజుపలకల మీద తీశారు. ఆ బొమ్మల్లో పది మంది నిలబడితే పది మంది చేతులూ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటాయి. పలక బిగించకముందే బొమ్మ పూర్తయిపోయిందన్నమాట. ఆ తీరును కొరతే నేర్పుతుంది.

జాప్యం నేర్పేది వేరు. కళ్లకు కనబడనిదాన్ని నమ్మడం, ముందే ఊహించడం. అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ దగ్గర చంద్రోదయాన్ని తీసిన సంఘటన చాలామందికి తెలిసిందే. వెలుగు పోతోంది, వెలుతురు కొలిచే ఎక్స్‌పోజర్ మీటరు కనబడలేదు. చంద్రుడి వెలుతురు చదరపు అడుగుకు 250 క్యాండిల్స్ (వెలుతురు కొలమానం) అని ఆయనకు కంఠతా ఉంది కనుక, దాన్నిబట్టి మనసులోనే లెక్క కట్టి ఒక్క బొమ్మ తీశారు. రెండో బొమ్మకు ఫిల్ము హోల్డరు తిప్పేలోగా సమాధుల శిలువల మీద ఎండ పోయింది. తెర ఉన్న కెమెరా చేతిలో ఉంటే ఆ 250 అనే అంకెను ఎవరైనా కంఠస్థం చేస్తారా? చేయనక్కర లేదు కూడా. అలవాటులో తేడా అక్కడ ఉంది.

నల్లగుడ్డ గారూ, మీరు పెళ్లిళ్లవారు కాబట్టి మీకు బాగా తెలిసిన మరో తేడా చెబుతాను. నెగెటివ్ రీలుకు వెలుతురు ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు. అందుకే స్టూడియోలవారు ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే గుణం) 100 ఉన్న రీలును మీటరు మీద 80గా పెట్టుకుని కాస్త ఎక్కువ వెలుతురు ఇచ్చేవారు. నీడలను చూసి ఎక్స్‌పోజర్ పెట్టు, మిగతాది ప్రింటులో చూసుకో అన్నది సూత్రం. అదే చెయ్యి డిజిటల్ పట్టుకునేసరికి ఏమైంది? తొలి రోజుల ఆల్బములు తీసి మధుపర్కాలను చూడండి. ఎర్రంచు ఒక్కటి గాలిలో వేలాడుతూ ఉంటుంది, బట్ట మొత్తం సున్నం కొట్టినట్లు తెల్లగా ఉంటుంది. నేత లేదు, మడత లేదు, పసుపు మరక లేదు. డిజిటల్ కెమెరాలో వెలుతురును పట్టే సెన్సర్‌లో తెలుపు ఒకసారి నిండిపోతే మళ్లీ రాదు. నీడలను మాత్రం చాలావరకు పైకి లాగవచ్చు. కాబట్టి సూత్రం తలకిందులైంది. నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే స్లైడు రీలు మీద అలవాటు ఉన్నవారికి ఈ ఇబ్బంది రాలేదు, ఎందుకంటే స్లైడులో కూడా అర మెట్టు ఎక్కువైతే తెలుపు పోతుంది. రీలు నేర్పిందని మనం ఒకే మాటగా అంటున్నాం కానీ, ఏ రీలు అన్నది కూడా అడగాలి.

లకుముకి (గుంటూరు)

నాది పక్షుల ఫోటోగ్రఫీ. ఉప్పలపాడులో గూడబాతుల దగ్గర మొదలుపెట్టి, కొల్లేరు, పులికాట్, నేలపట్టు అన్నీ తిరుగుతుంటాను. 2002లో ఒక 300 ఎంఎం లెన్సు, రీలు కెమెరాతో ప్రయత్నించి ఏడాది పాటు ఒక్క ఎగిరే పక్షిని కూడా పదునుగా పట్టలేకపోయాను.

ఇప్పుడు నా పద్ధతి చెబితే కొందరికి బాధ కలగవచ్చు. లకుముకి పిట్ట కొమ్మ మీద కూర్చుని నీళ్లలోకి దూకుతుంది. అది దూకిందని నా కన్ను గుర్తించి, వేలికి కబురు వెళ్లేలోగా పని అయిపోతుంది. కొత్త కెమెరాలు కొన్నింటిలో బటన్‌ను సగం నొక్కి పట్టుకుంటే కెమెరా తనలో తాను తీస్తూ, పాతవి చెరిపేస్తూ ఉంటుంది. పూర్తిగా నొక్కిన వెంటనే అంతకు ముందరి సెకను దాకా గడిచినదాన్ని కూడా కార్డులో పెడుతుంది. 2023లో ప్రకటించిన సోనీ ఏ9 త్రీ కెమెరా సెకనుకు 120 ఫ్రేములు తీస్తుంది. అంటే క్షణం గడిచాక నొక్కినా క్షణం దొరుకుతుంది.

దీనివల్ల ఓపిక పోయిందని అనుకోకండి. వేకువన నాలుగింటికి లేచి, చెరువు గట్టున తుంగలో మూడు గంటలు కదలకుండా కూర్చోవడం అలాగే ఉంది. ఏ కొమ్మ మీద వాలుతుంది, గాలి ఎటు వీస్తోంది, వాలే ముందు రెక్క ఎటు తిప్పుతుంది అన్నది తెలియకపోతే 120 ఫ్రేములూ ఖాళీ కొమ్మే. తగ్గిన భారమంతా వేలిదే, కంటి భారం ఎప్పటిలాగే ఉంది. అయితే ఒక నష్టం నాకూ తెలుస్తోంది. మూడు గంటల తర్వాత పిట్ట దూకిన మరుక్షణం నేను తల వంచి తెర చూస్తాను. పోయిన నెలలో అలా చూస్తుండగా ఆ పిట్ట చేపతో మళ్లీ అదే కొమ్మకు వచ్చి, చేపను రెండుసార్లు కొమ్మకేసి కొట్టి మింగింది. చప్పుడు విన్నాను. తలెత్తేసరికి చేప లేదు.

వెన్నెలవాకిలి (హైదరాబాదు)

ఎర్రదీపం గారు కొరతను, జాప్యాన్ని వేరుచేసి చూపించడం నాకు చాలా ఉపయోగపడింది. దానికి తోడుగా నాకు తెలిసిన ఒక విశేషం. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవ్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా ఒక బొమ్మను క్యాసెట్ టేపు మీద రాయడానికి 23 సెకన్లు తీసుకునేది. ఆ క్యాసెట్టులో ఇంకా ఎక్కువ బొమ్మలు పట్టే వీలున్నా, ఆయన 30 బొమ్మల దగ్గర హద్దు పెట్టారు. రీళ్లు 24, 36గా వచ్చేవి కదా, జనానికి అలవాటైన ఆ రెండు అంకెల మధ్యలో ఉండాలని. కొరత అవసరం లేని చోటికి కూడా దాన్ని వెంట తీసుకెళ్లారు. అలవాటు పరికరంలో కంటే మనిషిలోనే ఎక్కువ కాలం బతుకుతుందని దీన్నిబట్టి నాకు అనిపిస్తుంది.

గోదారి నుంచి (న్యూజెర్సీ)

నేను తిరుగుదారిలో వచ్చినవాణ్ణి. పదేళ్లు డిజిటల్ మీద తీసి, 2018లో ఒక పాత నికాన్ ఎఫ్ఎం2 కొని రీలు మొదలుపెట్టాను. ఎందుకు కొన్నానంటే, నా హార్డ్ డిస్కులో మా పెద్దమ్మాయి మొదటి రెండేళ్ల బొమ్మలు పద్నాలుగు వేలు ఉన్నాయి. వాటిని నేను ఒక్కసారి కూడా మొత్తంగా చూడలేదు. గోడ మీద ఉన్నవి రెండు.

రీలు మీద తీయడం మొదలుపెట్టగానే నెమ్మది దానంతట అదే వచ్చేస్తుందని అనుకున్నాను. రాలేదు. మొదటి మూడు రీళ్లు నేను డిజిటల్ చేత్తోనే తీశాను, ఒకే దృశ్యాన్ని నాలుగేసి ఫ్రేములు. ప్రతి నొక్కు తర్వాత కెమెరా వెనక్కి తిప్పి నల్లని తలుపును చూసేవాణ్ణి. ఆ అలవాటు పోవడానికి రెండు నెలలు పట్టింది.

నన్ను నిజంగా మార్చినది ఒక నష్టం. మా చిన్నవాడి అన్నప్రాశనకు అమ్మా నాన్నా అమలాపురం నుంచి వచ్చారు. ఆ రోజు డిజిటల్ కెమెరా బయటికి తీయలేదు, ఎఫ్ఎం2 ఒక్కటే పట్టుకున్నాను. పిల్లవాడి ముందు పుస్తకం, కలం, బంగారం, పూలు పెట్టారు. వాడు పాకుతూ వెళ్లి మా నాన్నగారి కళ్లజోడు పట్టుకున్నాడు. అందరూ నవ్వారు, నేను నొక్కాను. లెక్క చూపే అంకె 36 దాటింది, 38 దాటింది, 40 దాటింది. అప్పుడు గుండె జారిపోయింది. రీలు నాలుక లోపలి చక్రానికి పట్టుకోలేదు. మొదటి ఫ్రేము నుంచీ రీలు కదలనే లేదు. అందరి నవ్వులూ ఒక్క ముక్క మీద కూడా పడలేదు.

లోడు చేశాక ఎడమవైపు రీలు చుట్టే పిడిని కాస్త బిగించి, రీలును ముందుకు జరిపే లీవరు లాగినప్పుడు అది వెనక్కి తిరుగుతోందా లేదా చూడాలి. ఇంత చిన్న సంగతి. ఇప్పుడు ప్రతి లీవరుకూ నా ఎడమ కన్ను ఆ పిడి మీదికి వెళ్తుంది. నాన్నగారు నిరుడు పోయారు. ఆ కళ్లజోడు సంఘటన బొమ్మ లేదు కానీ, నేను ఇంత సేపు వ్యూఫైండర్‌లో చూసినందువల్ల కావచ్చు, వాడి గుప్పిట్లో కళ్లజోడు కాడ ఎటు వంగిందో కూడా చెప్పగలను. అయినా ఒక మాట దాచను. ఆ రోజు ఫోన్లో ఒక్క బొమ్మ ఎవరైనా తీసి ఉంటే ఈ జ్ఞాపకాన్ని దానికి బదులుగా ఇచ్చేసేవాణ్ణి. ముఖ్యమైన రోజున రెండు కెమెరాలు పెట్టుకోండి. రీలు మీద ప్రేమతో ఇంటివాళ్ల జ్ఞాపకాలను పందెం కాయవద్దు.

పాత ప్రెస్ (విశాఖపట్నం)

గోదారి నుంచి గారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ నాన్నగారికి నమస్కారం.

నేను చెప్పాలనుకున్నది చెరిపివేయడం గురించి. ఎవరూ ఇంతవరకు దాన్ని ఎత్తుకోలేదు. రీలు కడిగాక కాంటాక్ట్ షీటు వేసేవాళ్లం. 36 ఫ్రేములూ ఒకే కాగితం మీద, తీసిన వరుసలో, గోరంత గోరంత. భూతద్దం పెట్టి చూస్తూ ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టేవాళ్లం. అందులో నా తప్పులన్నీ ఉండేవి, వరుసలో ఉండేవి. 14వ ఫ్రేము ఎందుకు బాగా వచ్చిందో 11, 12, 13 చెప్పేవి: ఇక్కడ నేను దూరంగా ఉన్నాను, ఇక్కడ అడ్డంగా స్తంభం వచ్చింది, ఇక్కడ ఒక అడుగు ఎడమకు జరిగాను. మా ఎడిటర్ గారు ప్రింటు చూసేవారు కాదు, షీటే చూసేవారు. "నువ్వు 20 దగ్గర ఎందుకు ఆగిపోయావు? ఇంకా ముందుకు వెళ్లవలసింది" అనేవారు.

ఇప్పటి కుర్రవాళ్లు ఫీల్డులోనే, కెమెరా తెర మీదే బాగాలేనివి చెరిపేస్తున్నారు. కార్డులో చోటు సమస్య కూడా లేదు, అయినా చెరిపేస్తున్నారు. సాయంత్రానికి మిగిలేవి అన్నీ బాగున్నవే. వాటిని చూసి ఏమి నేర్చుకుంటారు? తప్పు ఎక్కడ ఒప్పుగా మారిందో చెప్పే మెట్లు పోయాయి. దయచేసి నా మాటగా తీసుకోండి: ఫీల్డులో ఏదీ చెరపవద్దు. ఇంటికి వచ్చాక అన్నిటినీ తీసిన వరుసలో, చిన్నవిగా, ఒకే తెర మీద పెట్టుకుని చూడండి. ఈ ఒక్క పనిలో డిజిటల్‌కు రీలు మీద పైచేయి ఉంది, ఎందుకంటే ప్రతి ఫ్రేముకూ వేగం, ఎఫ్ నంబరు, నిమిషం, సెకను అన్నీ అందులోనే రాసి ఉంటాయి. వెన్నెలవాకిలి గారి బాబాయి నోటుబుక్కు కెమెరాలోనే ఉంది.

ఎర్రదీపం (హైదరాబాదు)

పాత ప్రెస్ గారు అన్నది నేను తరగతిలో అక్షరాలా అమలు చేస్తున్నాను.

నల్లగుడ్డ గారి రెండు గంటల ఎంపిక గురించి ఒక మాట. వినోగ్రాండ్ తన రీళ్లను ఏడాదికి పైగా కావాలనే కడగకుండా ఉంచేవారు. తీసినప్పటి ఉద్వేగం చల్లారితే తప్ప బొమ్మను బొమ్మగా చూడలేమని ఆయన నమ్మకం. మీకు పూర్వం ల్యాబు కొన్ని రోజుల గడువు ఇచ్చేది. ఇప్పుడు మీరు పెళ్లి మర్నాడే, నిద్ర కూడా తీరకుండా కూర్చుంటున్నారు. కార్డు సంచిలో పెట్టి పది రోజులు ఆగి చూడండి. తీసిన వెంటనే కెమెరా తెర మీద బొమ్మ కనిపించే ఏర్పాటును కూడా ఆపేయవచ్చు. దీన్ని రీలు అనుభవమని నేను అనను, ఎందుకంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి పెట్టుకోవచ్చని మీ చేతికి తెలుసు. పెట్టుకున్న నియమం వేరు, తప్పించుకోలేని కొరత వేరు. అయినా ఫలితం ఉంటుంది.

లకుముకి (గుంటూరు)

తెర ఆపేయమన్న సలహా నేను ఈ వారం పాటించాను. రెండో రోజుకే చెయ్యి కుదురుకుంది. అయితే ఒక హెచ్చరిక. వెలుతురు త్వరగా మారే వేకువలో కనీసం మొదటి ఫ్రేము చూసి తెలుపు పోవడం లేదని నిర్ధారించుకోండి. కొంగ రెక్కలకు మధుపర్కాల గతే పడుతుంది.

నల్లగుడ్డ (తెనాలి)

అందరికీ కృతజ్ఞతలు. ఫాల్గుణంలో రేపల్లె దగ్గర ఒక పెళ్లికి వెళ్లి వచ్చాను. ఏమి చేశానో, ఏమి జరిగిందో ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాను.

కెమెరా తెర మీద బొమ్మ రాకుండా ఆపేశాను. చదివింపుల వరుసకు, తలంబ్రాలకు వరుస ఫ్రేముల పద్ధతే ఉంచాను, ఎందుకంటే తలంబ్రాలలో బియ్యపు గింజ ఎక్కడ ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. అడ్డుతెర ఘట్టానికి మాత్రం ఒక నొక్కుకు ఒక ఫ్రేము పద్ధతికి మార్చాను. నా సహాయకుడు రెండో కెమెరాతో తన అలవాటు ప్రకారం తీస్తున్నాడు, అతన్ని ఆపలేదు. గోదారి నుంచి గారి మాట గుర్తుంది.

అడ్డుతెర తీసేవేళకు పాతకాలం లాగా కెమెరా పైనుంచి చూస్తూ నిలబడ్డాను. రెప్ప కదిలింది, నొక్కాను. కానీ ఆ అమ్మాయి వరుణ్ణి చూడలేదు. అతని భుజం మీదుగా వెనుక నిలబడిన వాళ్లమ్మను చూసింది. వ్యూఫైండర్‌లో ఉండి ఉంటే ఆ చూపు ఎటు వెళ్లిందో నాకు తెలిసేది కాదు. నేను కెమెరా పక్కకు తిప్పాను. వాళ్లమ్మ చేతిలో అక్షతలు ఉన్నాయి. వేయడం మరిచిపోయి గుప్పిట బిగించి ఉంది, వేళ్ల సందుల్లోంచి పసుపు గింజలు ఒక్కొక్కటీ రాలుతున్నాయి. అక్కడ నొక్కాను. రీలు కాలమైతే ఆ రెండో నొక్కు నాకు ఉండేది కాదు. ఫ్లాష్ ఎర్ర దీపం కోసం చూస్తూ నిలబడేవాణ్ణి. ఇప్పుడు ఐఎస్ఓ 3200 దగ్గర, ఫ్లాష్ లేకుండా, పందిట్లో ఉన్న వెలుతురులోనే వచ్చింది.

పది రోజులు కార్డు ముట్టుకోలేదు. తర్వాత తీసిన వరుసలో అన్నీ పరిచి చూశాను. మొత్తం 1,150. అడ్డుతెర బొమ్మకు పెళ్లివారు నా ఒక్క ఫ్రేమును కాక, నా సహాయకుడు తీసిన 40లో ఒకదాన్ని ఎంచుకున్నారు. అందులో వధూవరులిద్దరి కళ్లూ కలిశాయి, వారి ఎంపిక సరైనదే. రెండో బొమ్మను నేను ఆల్బములో పెట్టి ఏమీ చెప్పకుండా పంపాను. ఆ తల్లిగారు నిన్న ఫోన్ చేసి దాన్నే పెద్ద సైజు కావాలన్నారు. 12 బై 18లో ప్రింటుకు ఇచ్చాను, శుక్రవారం వస్తుంది.